జపనీస్ బీటిల్: పెరట్లో ఏది పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ

జూన్ ఆఖరి వారం వచ్చిందంటే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో వైపు పెరటి తోటలున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ఫొటోలు తిరుగుతాయి. గోంగూర ఆకు మీదో, గులాబీ మొగ్గ మీదో గుంపుగా ఎక్కి కూర్చున్న మెరిసే పెంకు పురుగులు, కింద ‘‘ఇవేంటండీ, ఏం కొట్టాలి?’’ అని ప్రశ్న. జవాబులు కూడా ఏటా అవే. ఒకరు పసుపురంగు ట్రాప్ కొనమంటారు. ఒకరు వేప నూనె అంటారు. ఇంకొకరు లాన్ మొత్తానికి గ్రబ్ మందు వేయించమంటారు. మరొకరు చుట్టూ వెల్లుల్లి నాటితే దగ్గరికి రావంటారు. ట్రాప్, వెల్లుల్లి సంగతి పక్కనపెడితే మిగతా సలహాల వెనక ఎంతో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎక్కడిదాకా వర్తిస్తుందో ఎవరూ చెప్పకపోవడంతోనే చిక్కంతా వస్తోంది.

ఈ పురుగు విషయంలో రెండు వేర్వేరు సమస్యలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆకులు తినే పెద్ద పురుగు ఒక సమస్య. గడ్డి వేళ్లు తినే పిల్ల పురుగు, అంటే గ్రబ్, ఇంకో సమస్య. రెండూ ఒకే ప్రాణి బతుకులో రెండు దశలే అయినా, ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికి పనికిరాదు. మీ లాన్‌లో ఒక్క గ్రబ్ కూడా లేకుండా చేసినా మీ గోంగూర మీద వాలేవి వాలుతూనే ఉంటాయి, ఎందుకంటే అవి మీ లాన్‌లో పుట్టినవే కానక్కర్లేదు. పెద్ద పురుగు మైలు, రెండు మైళ్ల దూరం సులువుగా ఎగరగలదు. పక్కింటి లాన్, వీధి చివరి పార్కు, బడి ఆటస్థలం, గోల్ఫ్ మైదానం అన్నీ దాని పుట్టిళ్లే.

ముందు పురుగు అదేనా కాదా చూసుకోవాలి. జపనీస్ బీటిల్ పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. తల, వీపు ముందుభాగం మెరిసే ఆకుపచ్చ. రెక్కల పెంకులు రాగి రంగు. అసలైన గుర్తు మాత్రం పక్కల్లో ఉంటుంది: పెంకుల అంచు కింద ఒక్కో వైపు ఐదేసి తెల్లటి వెంట్రుకల కుచ్చులు, వెనక కొసన ఇంకో రెండు. దూరం నుంచి తెల్లచుక్కల్లా కనిపిస్తాయి. అవి లేకపోతే అది వేరే పురుగు. గ్రీన్ జూన్ బీటిల్‌ని చూసి చాలామంది ఇదే అనుకుంటారు కానీ అది దీనికి రెట్టింపు సైజులో, మెరుపు తక్కువగా ఉంటుంది. దానికీ దీనికీ చేయాల్సిన పని ఒకటి కాదు.

దీని శాస్త్రీయ నామం పొపిల్లియా జపోనికా. అమెరికాలో దీన్ని మొదటిసారి 1916లో న్యూజెర్సీలోని రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో చూశారు. అప్పటికి దొరికినవి ఓ డజను. ఐరిస్ దుంపలకు అంటిన మట్టిలో గ్రబ్‌లుగా జపాన్ నుంచి వచ్చి ఉంటాయని అంచనా. దిగుమతయ్యే మొక్కల మీద తనిఖీలు పెట్టిన చట్టం 1912లో వచ్చింది, అంతకుముందే ఇవి దిగిపోయి ఉంటాయంటారు. కొన్నేళ్లపాటు నిర్మూలనకు ప్రయత్నించి, కుదరదని వదిలేశారు. జపాన్‌లో ఇది రైతును ఏడిపించే పురుగు కాదు. అక్కడ దీన్ని తినేవి, దీని ఒంటి మీద గుడ్లు పెట్టి చంపేవి ఉన్నాయి, గడ్డి నేలలు కూడా తక్కువ. అమెరికా తూర్పు తీరంలో అప్పట్లో ఆ శత్రువులెవరూ లేరు, గడ్డి మాత్రం ఇంటింటికీ ఉంది. పైగా వేసవిలో వాన పడుతుంది, పడకపోతే స్ప్రింక్లర్లు ఆ లోటు తీరుస్తాయి. ఇప్పుడది 300 రకాలకు పైగా మొక్కలను తింటోంది. దీన్ని అదుపు చేయడానికి అమెరికాలో ఏటా 46 కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతోందని అక్కడి వ్యవసాయ శాఖ లెక్క.

ఆ 300లో మనవాళ్ల పెరట్లో ఏవేవి ఉన్నాయో చూస్తే బాధేస్తుంది. గులాబీ, ద్రాక్ష, చిక్కుడు జాతులు, తులసికి చుట్టమైన బేజిల్ అన్నీ దీనికి ఇష్టమే. మందార కుటుంబమంటే మరీ ప్రీతి. అమెరికన్ల తోటల్లో హాలీహాక్, రోజ్ మాలో పువ్వుల మీద ఇవి విరుచుకుపడతాయి. గోంగూర, బెండ, మన మందారం అన్నీ ఆ కుటుంబంలోవే. టమాటా, మిరప, ఉల్లి జోలికి పెద్దగా రావు. కాబట్టి పెరట్లో అన్నిటికీ సమానంగా టెన్షన్ పడక్కర్లేదు, కాపాడుకోవాల్సిన మొక్కలు నాలుగైదే ఉంటాయి.

ఏడాది పొడవునా ఏం జరుగుతుంది

న్యూజెర్సీ వాతావరణంలో జూన్ మధ్య నుంచి పెద్ద పురుగులు నేలలోంచి బయటికి వస్తాయి. జులైలో ఉద్ధృతి, ఆగస్టు సగమయ్యేసరికి తగ్గుముఖం. ఒక్కో పురుగు నెల నుంచి నెలన్నర బతుకుతుంది. ఎండ కాసే వెచ్చటి రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా చురుగ్గా తింటుంది. ఎండ తగిలే పై ఆకులతో మొదలుపెట్టి కిందికి దిగుతుంది. ఈనెల్ని వదిలి వాటి మధ్య మెత్తటి భాగం తినేస్తుంది కాబట్టి ఆకు ఆకారం అలాగే నిలబడి ఉంటుంది, లోపల ఏమీ ఉండదు.

జత కట్టిన ఆడ పురుగు మధ్యాహ్నం దాటాక గడ్డిలోకి దిగి, రెండు నుంచి నాలుగు అంగుళాల లోతుకు తవ్వుకుని వెళ్లి కొన్ని గుడ్లు పెట్టి వస్తుంది. మళ్లీ మొక్క మీదికి, మళ్లీ గడ్డిలోకి. ఇలా విడతల వారీగా మొత్తం 40 నుంచి 60 గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చుట్టూ మట్టిలోని తేమ పీల్చుకుని ఉబ్బితే తప్ప పొదగవు. రెండు వారాల్లో గ్రబ్ బయటపడుతుంది. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తల, వంకరగా ముడుచుకుని పడుకునే తీరు. వేరుశనగ చేలల్లో వేరు పురుగుని చూసినవాళ్లకి ఇదెక్కడో చూసినట్టే ఉంటుంది. రెండూ ఒకే పెద్ద కుటుంబానికి చెందినవి మరి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గ్రబ్‌లు బాగా బలిసి గడ్డి వేళ్లు తింటాయి. చలి ముదిరాక ఇంకా లోతుకు దిగి పడుకుంటాయి. ఏప్రిల్ ప్రాంతంలో పైకొచ్చి మళ్లీ కొంత తిని, మే, జూన్ నెలల్లో ప్యూపా దశ దాటి రెక్కలతో బయటికి వస్తాయి. చాలాచోట్ల ఏడాదికి ఒక్కటే తరం.

ఈ క్యాలెండర్ మనసులో ఉంటే కొట్టువాళ్లు చెప్పే సగం మాటలు మీరే తూకం వేసుకోవచ్చు. జులైలో ఆకుల మీద పురుగులు కనిపించగానే లాన్‌కి గ్రబ్ మందు వేస్తే ఆ పురుగులకు ఏమీ కాదు. అక్టోబరు చివర్లో వేసే చాలా మందులకు బలిసిన గ్రబ్‌లు లొంగవు.

ఒకటి వస్తే వంద ఎందుకు వస్తాయి

నా దృష్టిలో మొత్తం విషయానికి ఇరుసు ఇక్కడుంది. ఈ పురుగులు విడివిడిగా బతికేవి కావు, గుంపు కడతాయి. ఆడ పురుగు విడుదల చేసే వాసనకు మగవి వస్తాయన్నది ఒక కారణం. రెండోది ఇంకా ముఖ్యమైనది. పురుగు కొరికిన ఆకు కొన్ని ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది, ఆ వాసనకు ఆడా మగా రెండూ వస్తాయి. కెంటకీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లలో దీని మీద చాలా పని చేశారు. మనం కత్తెరతో కోసిన ఆకుకు అంత ఆకర్షణ లేదు. పురుగులు రాత్రంతా తిన్న ఆకుకు ఉంది. అంటే నిన్న మీరు వదిలేసిన పది పురుగులు తమ వాటా తిని ఊరుకోలేదు, ఇవాళ్టి వందకు కబురు పెట్టాయి.

కాబట్టి సీజన్ మొదట్లో, ఒకటీ అరా కనిపించినప్పుడు చేసే పనికి ఉన్న విలువ, జులై మధ్యలో ఆకులన్నీ జల్లెడైపోయాక చేసే పనికి ఉండదు. ‘‘ఇంకా నాలుగేగా, చూద్దాంలే’’ అనుకునే ఆ వారమే కీలకం.

ట్రాప్ ఎందుకు బెడిసికొడుతుందో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. దుకాణాల్లో అమ్మే ట్రాప్‌లో రెండు ఎరలు ఉంటాయి: పూల వాసనల మిశ్రమం ఒకటి, ఆడ పురుగు వాసనను ప్రయోగశాలలో తయారు చేసినది ఇంకొకటి. రెండూ చాలా శక్తిమంతమైనవే. ఒక్కరోజులో సంచీ నిండిపోతుంది. అది చూసినవాళ్లకి ‘‘అబ్బ, ఎన్ని పడ్డాయో’’ అనిపిస్తుంది. పడినవాటికన్నా వచ్చినవి ఎక్కువ. ఊరంతా విందుకు పిలిచి, పందిట్లో పది విస్తళ్లే వేసినట్టు ఉంటుంది వ్యవహారం: మిగిలినవాళ్లు దగ్గర్లో ఏది దొరికితే అది తింటారు, ఆ దగ్గర్లో ఉన్నది మీ గులాబీలే. 1980లలో కెంటకీలోనే చేసిన ప్రయోగాల్లో ట్రాప్‌లు పెట్టిన చోట చుట్టుపక్కల మొక్కలకు నష్టం తగ్గకపోగా పెరిగింది. అప్పటి నుంచీ విశ్వవిద్యాలయాల వ్యవసాయ విస్తరణ విభాగాలు ఇంటి తోటల్లో ట్రాప్ వద్దనే చెబుతున్నాయి. ట్రాప్ అసలు పని నిఘా. ఈ పురుగు ఇంకా పాతుకుపోని కాలిఫోర్నియా, ఆరెగాన్ లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ సిబ్బంది వీటిని కట్టి, కొత్తగా ఎక్కడైనా దిగిందా అని చూస్తారు. మీ పక్కింటివాళ్లు ట్రాప్ కడితే నవ్వుతూనే ఈ విషయం చెప్పి తీయించండి, నష్టం వాళ్ల మొక్కలకే ముందు.

చేత్తో ఏరడం

చెప్పుకోవడానికి ఇది గొప్ప ఉపాయంలా ఉండదు, కొనాల్సిన వస్తువూ ఏదీ ఉండదు. అయినా పది ఇరవై మొక్కలున్న పెరటికి దీన్ని మించింది లేదని నేను గట్టిగా నమ్ముతాను.

పద్ధతి తెలిస్తే నిమిషాల పని. వెడల్పు మూతి ఉన్న డబ్బాలో సగానికి నీళ్లు పోసి రెండు మూడు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు కలపండి. సబ్బు లేకపోతే పురుగు నీళ్ల మీద తేలి, డబ్బా అంచు పట్టుకుని పాక్కుంటూ బయటికొస్తుంది. సబ్బు ఉంటే మునిగిపోతుంది. తెల్లవారుజామున చల్లదనానికి పురుగులు మొద్దుబారి ఉంటాయి, ఎగరలేవు. మీ నీడ పడగానే వెనక కాళ్లు పైకెత్తి అలాగే బిగుసుకుంటాయి, ఇంకాస్త కదిలిస్తే పట్టు వదిలి కిందికి రాలిపోతాయి. శత్రువు నుంచి తప్పించుకోవడానికి వాటికున్న అలవాటు ఇది, అదే మనకు అక్కరకొస్తుంది. డబ్బా మూతి ఆకుకు సరిగ్గా కిందుగా ఆనించి, పైనుంచి వేలితో ఒక్క తట్టు తడితే గుంపంతా సబ్బు నీళ్లలో పడుతుంది. పై కొమ్మలు ముందు చూడాలి, తినడం అక్కడే మొదలవుతుంది కాబట్టి. బెండ పువ్వు లోపలికి, గులాబీ రేకుల మడతల్లోకి కూడా తొంగిచూడాలి.

పొద్దున్నే ఏరమని అందరూ చెప్పేది సులువు కోసం. ద్రాక్ష తీగల మీద రోజులో వేర్వేరు వేళల్లో ఏరి చూసిన ఒక అధ్యయనంలో సాయంత్రం ఏడు గంటల వేళ ఏరడం పురుగుల సంఖ్యను బాగా తగ్గించిందని తేలింది. రాత్రికి మొక్క మీద తినేవి తక్కువుంటే తెల్లారి వాసన కూడా తక్కువుంటుంది కదా, పైన చెప్పుకున్న సంగతితో ఇది సరిపోతుంది. ఆఫీసు నుంచి వచ్చాక వేసవిలో ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉండే ప్రాంతాలు ఇవి, కాబట్టి మనకు సాయంత్రమే వీలు కూడా. ఎప్పుడు ఏరినా రోజూ ఏరాలి. వారానికోసారి ఏరితే మధ్యలో ఆరు రోజులు కబుర్లు వెళ్తూనే ఉంటాయి. పురుగును నలిపితే ఆ వాసనకు ఇంకా వస్తాయన్న మాట వినిపిస్తుంటుంది, దానికి ఆధారం లేదు.

ఏరేటప్పుడు ఒకటి గమనించండి. తల వెనక ఆకుపచ్చ భాగం మీద గసగసాలంత తెల్లటి చుక్క ఉన్న పురుగు కనిపిస్తే దాన్ని వదిలేయండి. అది ఇస్టోకేటా ఆల్డ్రిచి అనే చిన్న ఈగ పెట్టిన గుడ్డు. ఈ పురుగును అదుపు చేయడం కోసమే 1920లలో జపాన్ నుంచి తెప్పించిన ఈగ అది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల బీటిల్ ఒంట్లోకి దూరి లోపల తింటూ వారం లోపే దాన్ని చంపేస్తుంది. ఆ బీటిల్‌ని మీరు సబ్బు నీళ్లలో వేస్తే రేపటి ఈగ కూడా పోయినట్టే. ఈశాన్య రాష్ట్రాల్లోనూ మిన్నెసోటాలోనూ ఈ చుక్కలున్న పురుగులు కనిపిస్తాయి.

వల, మందు, తేనెటీగ

ఎత్తు పెరగని మొక్కలకు సన్న రంధ్రాల వల కప్పడం మంచి మార్గం. జూన్ మూడో వారంలో వేసి ఆగస్టులో తీసేస్తే చాలు. చిక్కుడు జాతుల్లో చాలావాటికీ బెండకూ తమ పుప్పొడి తమకే సరిపోతుంది కాబట్టి వల కింద కూడా కాస్తాయి. గోంగూరకైతే ఆకే పంట, పూత గురించి ఆలోచించే పనే లేదు. సొర, దోస, గుమ్మడి మాత్రం పరాగ సంపర్కానికి కీటకాల మీద ఆధారపడతాయి, వాటిని కప్పేస్తే పిందె నిలవదు. వల అంచుల్ని నేలకు ఆనించి రాళ్లు పెట్టాలి. గడ్డిని కొట్టేసి ఈమధ్యే చేసిన మడి అయితే అదే మట్టిలోంచి పురుగులు వల లోపలే పైకి రావచ్చు, మొదటి వారం ఒక కన్నేసి ఉంచండి.

మందుల దగ్గరికి వస్తే, వేప నూనె మీద మనవాళ్లకున్న అభిమానం తెలిసిందే. వేపలోని అజాడిరాక్టిన్ ఈ పురుగును చంపేయడం కన్నా తిండి మీద విముఖత పుట్టిస్తుంది. ఆ ప్రభావం కొద్ది రోజులే, వాన పడితే అంతకన్నా ముందే పోతుంది, కొత్తగా వచ్చిన చిగురు మీద అసలుండదు. ఉద్ధృతి తక్కువున్నప్పుడు, చేత్తో ఏరడానికి తోడుగా పనికొస్తుంది. వందలకొద్దీ వాలినప్పుడు వేప నూనె ఒక్కదాన్నే నమ్ముకుంటే నిరాశ తప్పదు. బ్యాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) బ్యాక్టీరియాలో గల్లేరియే అనే రకంతో చేసిన మందు కూడా ఉంది. తేనెటీగలకు హాని లేనిది కాబట్టి రసాయనాలు వద్దనుకునేవాళ్లు పరిశీలించవచ్చు. గొంగళి పురుగులకు వాడే మామూలు బీటీ వేరు, అది దీని మీద పనిచేయదు. డబ్బా మీద రకం పేరు చూసి కొనాలి.

బలమైన రసాయనాలు పురుగును చంపుతాయి, సందేహం లేదు. చిక్కు ఏమిటంటే ఇవి దిగేది పూల కాలంలో, తినేవి పూల మొక్కల్ని. కార్బరిల్, పైరెత్రాయిడ్ మందులు పూత మీద పడితే తేనెటీగలు చస్తాయి. మొక్క మొదలు దగ్గర పోస్తే పీల్చుకుని ఆకుకూ పువ్వుకూ పంపే నియోనికోటినాయిడ్ రకాలు ఇంకా ప్రమాదం, పుప్పొడిలోకీ మకరందంలోకీ కూడా చేరతాయి. 2013 జూన్‌లో ఆరెగాన్‌లోని విల్సన్‌విల్‌లో ఒక పార్కింగ్ స్థలంలో పూతకొచ్చిన లిండెన్ చెట్లకు ఇలాంటి మందు కొడితే దాదాపు 50,000 బంబుల్‌బీలు చచ్చి రాలాయి. అక్కడ మందు కొట్టింది పేనుబంక కోసం, బీటిల్ కోసం కాదు. కానీ లిండెన్ ఆకులంటే ఈ బీటిల్‌కి కూడా ప్రాణం, అదే మందు దీనికీ అమ్ముతారు. ఒక పురుగు మీద కోపంతో తోటకు కాపునిచ్చేవాటిని చంపుకోవడం నాకు ఏ లెక్కలోనూ గిట్టుబాటుగా కనిపించదు. ఇంకో మాట: గులాబీల కోసమని అమ్మే, మొక్క మొదలు దగ్గర చల్లే సిస్టమిక్ గుళికలు తినే మొక్కల దగ్గర వాడకూడదు. గులాబీ పక్కనే గోంగూర పెరిగే మన పెరళ్లలో ఇది మర్చిపోవడం చాలా తేలిక. ఏ మందైనా లేబుల్ మీద మీ కూరగాయ పేరు ఉండాలి, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో అక్కడే రాసుంటుంది.

వెల్లుల్లి జాతికి చెందిన గార్లిక్ చైవ్స్, సదాపాకు చుట్టూ నాటితే రావన్న మాటను కూడా కెంటకీలోనే గులాబీల మధ్య నాటి పరీక్షించారు. నష్టమేమీ తగ్గలేదు. జెరేనియం కథ మాత్రం ఆసక్తిగా ఉంటుంది. జోనల్ జెరేనియం పూరేకులు తిన్న బీటిల్ అరగంటలో వెల్లకిలా పడిపోతుంది, గంటల తరబడి కాళ్లూ చేతులూ ఆడవు. రేకుల్లోని క్విస్‌క్వాలిక్ ఆమ్లం దీనికి కారణమని అమెరికా వ్యవసాయ పరిశోధకులు గుర్తించారు. అయితే 24 గంటల్లో చాలావరకు లేచి వెళ్లిపోతాయి, ఈలోపు ఏ పిట్టో సాలీడో తింటే సరి. ఈ కుండీలు పెట్టుకుంటే ముచ్చటే గానీ, మొక్కలకు కాపలా అనుకోవద్దు.

లాన్ సంగతి

లాన్‌కి వైద్యం లాన్ కోసమే చేయాలి. ముందు నిజంగా అవసరముందా అని చూడండి. సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో, గడ్డి పాలిపోయిన చోటు అంచున అడుగు పొడవు, అడుగు వెడల్పు చదరాన్ని మూడు వైపులా పారతో కోసి, చాప మడిచినట్టు నాలుగో వైపుకు తిప్పండి. కింద రెండు మూడు అంగుళాల మట్టి కెలికి గ్రబ్‌లు లెక్కపెట్టి, మళ్లీ గడ్డిని కప్పి నీళ్లు పోస్తే అతుక్కుంటుంది. చదరపు అడుగుకు ఐదు లోపు ఉంటే ఆరోగ్యంగా ఉన్న లాన్ తట్టుకుంటుంది. పది దాటితే చర్య అవసరం. గ్రబ్ ఏ జాతిదో తెలుసుకోవాలంటే భూతద్దంతో దాని వెనక కొస కింది భాగం చూడాలి. అక్కడి ముళ్లు ‘వి’ అక్షరంలా రెండు చిన్న వరుసలుగా ఉంటే జపనీస్ బీటిల్ గ్రబ్.

ఖర్చు లేని పని ఒకటుంది. గుడ్లకు తేమ కావాలని చెప్పుకున్నాం కదా, జులైలో స్ప్రింక్లర్ ఆపేయండి. ఆడ పురుగు తడిగా, పచ్చగా ఉన్న గడ్డిని వెతుక్కుంటుంది. ఎండిన గట్టి నేలలో పెట్టినా గుడ్లు బతకవు. గడ్డి కాస్త గోధుమరంగుకు తిరుగుతుంది, సెప్టెంబరులో మళ్లీ పచ్చబడుతుంది. వానలు బాగా పడిన ఏడాది మాత్రం ఇది మన చేతిలో లేదు. పక్కిళ్లన్నీ పచ్చగా ఉంటే మన లాన్ ఒక్కటే ఎండిపోతే ఎలా అనే మొహమాటం చాలామందికి ఉంటుంది, నిజమే. వీధిలో నలుగురు కలిసి ఆపితే ఆ మొహమాటమూ పోతుంది, పురుగూ తగ్గుతుంది.

నెమటోడ్ అనే నులిపురుగుల్లో హెటెరోరాబ్డైటిస్ బ్యాక్టీరియోఫోరా అనే రకం గ్రబ్‌లను వెతుక్కుంటూ మట్టిలోకి వెళ్లి చంపుతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో, గ్రబ్‌లు చిన్నగా పైపైన ఉన్నప్పుడు, సాయంత్రం పూట, ముందూ వెనకా నేల తడిపి వేయాలి. ఎండకు, పొడికి ఇవి బతకవు. బతికున్న ప్రాణులు కాబట్టి కొన్న రోజుల్లోనే వాడేయాలి. స్టైనర్‌నీమా కార్పోక్యాప్సే అనే రకం కూడా అమ్ముతారు. అది నేల పైపొరలో పొంచి ఉండే రకం, గ్రబ్‌ల దాకా దిగదు.

మిల్కీ స్పోర్ పొడి గురించి అడిగేవాళ్లు ఎక్కువ. గ్రబ్‌లకు జబ్బు తెప్పించే బ్యాక్టీరియా అది. 1939 నుంచి 1953 దాకా ప్రభుత్వమే 14 రాష్ట్రాల్లో చల్లించింది. అప్పట్లో మంచి పేరు వచ్చింది. ఒకసారి వేస్తే పదేళ్లు పనిచేస్తుందన్న మాట ఇప్పటికీ ప్యాకెట్ల మీద ఉంటుంది. తర్వాతి కాలంలో కెంటకీ, ఒహాయోల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం కనబడలేదు. దాని ధర చూస్తే నేనైతే ఎవరికీ సిఫారసు చేయను. రసాయనమే వేయాల్సి వస్తే క్లోరాంట్రానిలిప్రోల్ తేనెటీగలకు హాని బాగా తక్కువ ఉన్నది. నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే వేయాలి.

రాయలసీమలో వేరుశనగ వేరు పురుగుకు చేసే పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తొలకరి జల్లులు పడిన సాయంత్రాల్లో పెంకు పురుగులు నేలలోంచి లేచి వేప, రేగు చెట్ల మీద వాలతాయి. రైతులు చీకటి పడ్డాక కొమ్మలు దులిపి, రాలినవాటిని ఏరి కిరోసిన్ నీళ్లలో వేస్తారు. ఊరంతా ఒకే వారంలో కదిలితేనే ఆ పనికి ఫలం, ఒక్క రైతు తన చెట్టు దులుపుకుంటే పక్క చేలోవి వచ్చి వాలతాయి. అమెరికా వీధుల్లోనూ లెక్క అదే. స్ప్రింక్లర్ ఆపడం, ట్రాప్‌లు దించడం, రోజూ ఏరడం పది ఇళ్లు కలిసి చేస్తే వచ్చే తేడా ఒక్క ఇంటికి రాదు.

పెద్ద చెట్ల విషయంలో చాలాసార్లు ఏమీ చేయకపోవడమే సరైనది. లిండెన్, బిర్చ్ లాంటి ముదురు చెట్టు జులైలో సగం ఆకులు పోగొట్టుకున్నా చచ్చిపోదు, వచ్చే ఏడాది మళ్లీ చిగురిస్తుంది. సోయాబీన్ రైతులు కూడా పూతకు ముందు 30 శాతం, పూత తర్వాత 20 శాతం ఆకు పోయేదాకా మందు కొట్టరు. ఈ ఏడాదే నాటిన పసి మొక్కకు మాత్రం కాపలా అవసరం. గులాబీలకు జులైలో మొగ్గలు తుంచేసి, బీటిల్స్ వెళ్లాక ఆగస్టు చివర్లో పూయనివ్వవచ్చు. గోంగూరకు తల తుంచి కోసుకుంటే పక్క కొమ్మలు వేస్తుంది, పురుగు తిన్న పై ఆకులు అలాగే పోతాయి.

ఇక ఒక బాధ్యత మిగిలింది. రాకీ పర్వతాలకు పశ్చిమాన చాలా చోట్ల ఈ పురుగు ఇంకా పాతుకుపోలేదు. 2016లో పోర్ట్‌లాండ్ శివార్లలోని సీడర్ మిల్, బెథనీ ప్రాంతంలో బయటపడితే ఆరెగాన్ ప్రభుత్వం ఏళ్ల తరబడి ఇంటింటి లాన్‌కీ మందు వేయించాల్సి వచ్చింది. ఇటలీలో 2014లో మిలాన్ దగ్గర కనిపించి అక్కడి నుంచి స్విట్జర్లాండ్ దాకా పాకింది. ఇది దూరాలు దాటేది ఎక్కువగా మనుషులతోనే, కుండీ మట్టిలో గ్రబ్‌గానో, విమానం సరుకులో పెద్ద పురుగుగానో. ఉద్యోగం మారి న్యూజెర్సీ నుంచి సియాటిల్‌కో బే ఏరియాకో వెళ్లేటప్పుడు మల్లె, కరివేపాకు కుండీలు కారు వెనక పెట్టుకుని బయల్దేరే మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ప్రేమ అర్థమవుతుంది గానీ, మట్టితో మొక్క తీసుకెళ్లడం మీద ఆ రాష్ట్రాల్లో క్వారంటైన్ నిబంధనలు ఉన్నాయి, వెళ్లే రాష్ట్రం వ్యవసాయ శాఖ వెబ్‌సైట్ ముందే చూసుకోండి. అక్కడి స్నేహితులు గోంగూర అడిగితే విత్తనాలు పొట్లం కట్టి పోస్టులో పంపండి. వెచ్చటి మట్టిలో వారం పది రోజుల్లో మొలుస్తాయి.